రికార్డు రూముకి ఎస్‌వీ600 స్కానరు: దేనికి కొనాలి, దేనికి కొనకూడదు

డిజిటైజేషన్‌కి నిధులు వచ్చాయంటే ఆఫీసులో ముందు లేచే ప్రశ్న ‘ఏ స్కానరు కొందాం’ అని. పాత రిజిస్టరు కుట్టు విప్పకూడదు, అద్దం మీద బోర్లించి నొక్కకూడదు, పైనుంచే చూసి తీసే యంత్రం కావాలి అనగానే వినిపించే పేర్లలో స్కాన్‌స్నాప్ ఎస్‌వీ600 ఒకటి. జపాన్‌కి చెందిన పీఎఫ్‌యూ కంపెనీ 2013లో ఫుజిట్సు పేరుతో దీన్ని తెచ్చింది. 2022లో పీఎఫ్‌యూలో ఎక్కువ వాటా రికో చేతికి వెళ్ళడంతో కొత్త డబ్బాల మీద రికో పేరు కనిపిస్తుంది. యంత్రం మాత్రం అదే.

ఇంట్లో నవలలు స్కాన్ చేసుకునేవారికి ఈ రివ్యూ పెద్దగా ఉపయోగపడదు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో కలెక్టరేటు, ఆర్డీవో, తహసీల్దారు, మున్సిపల్ ఆఫీసుల రికార్డు రూముల్లో దస్త్రాల డిజిటల్ ప్రతులు తయారు చేసేవారికి, వాటి కొనుగోలు కాగితం రాసేవారికి ఇది. తీర్పు ముందే చెప్పేస్తే మేలు. మాటిమాటికీ రిజిస్టరు కిందికి దించకుండా తెర మీద చూసుకోవడానికి ప్రతి కావాలంటే ఇది మంచి యంత్రం. అసలు రిజిస్టరు రేపు పోయినా ఈ బొమ్మే ఆధారం అనుకునే మాస్టరు ప్రతికి మాత్రం ఇది సరిపోదు. ఎందుకో వివరంగా చూద్దాం.

యంత్రం బరువు మూడు కిలోలు. వెనక పాదం, దాని మీద మెడలాంటి కాడ, పైన కటకం, ఎల్‌ఈడీ దీపం ఉన్న తల. ముందు నల్ల చాప పరిచి దాని మీద పుస్తకం తెరిచి పెడితే, తల తిరుగుతూ మూడు సెకన్లలో ఏ3 వరకూ గీత గీతగా చదివేస్తుంది. లాప్‌టాప్‌కి యూఎస్‌బీతో కలుస్తుంది, కరెంటు మాత్రం విడిగా కావాలి. అరిగిపోయే రోలర్లు లేవు. కాగితం లాక్కునే తరహా ఆఫీసు స్కానర్లలో, ఉదాహరణకు ఇదే కంపెనీ ఎఫ్‌ఐ-7160లో, రోలర్లు రెండు లక్షల కాగితాలకో ఏడాదికో మార్చాలి. ఆ ఖర్చు, ఆ విడిభాగాల కోసం ఎదురుచూపు ఇక్కడ ఉండవు.

మన జిల్లాలకి దీని అసలు లాభం ఆ మూడు కిలోల బరువే. శాశ్వత రికార్డు ఆఫీసు గడప దాటించడానికి ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. సంచిలో పెట్టుకుని బస్సెక్కితే యంత్రమే రికార్డు దగ్గరికి వెళ్తుంది. వి ఆకారపు తొట్టె, రెండు కెమెరాలు ఉన్న పెద్ద పుస్తక స్కానర్లు బొమ్మ నాణ్యతలో దీన్ని మించినా, వాటిని మండలాలు తిప్పడం కుదిరే పని కాదు.

ఇక అసలు సంగతి, డీపీఐ, అంటే అంగుళానికి ఎన్ని చుక్కలు తీస్తుందన్న లెక్క. సాఫ్ట్‌వేరులో ‘ఎక్సలెంట్’ అని పెడితే రంగుల ఫైలు మీద 600 డీపీఐ అని పడుతుంది. ఆ అంకె నమ్మకండి. కంపెనీ స్పెసిఫికేషన్ల కాగితంలోనే ఉంది: కటకం నిజంగా చూసేది అడ్డంగా 285 నుంచి 218 డీపీఐ, నిలువుగా 283 నుంచి 152 డీపీఐ. తల ఒకవైపు నుంచి ఏటవాలుగా చూస్తుంది కాబట్టి దూరం పెరిగేకొద్దీ సూక్ష్మత పడిపోతుంది. మిగతా పిక్సెళ్ళు సాఫ్ట్‌వేరు ఊహించి నింపినవి. ఫైలు బరువు పెరుగుతుంది, సమాచారం పెరగదు.

రికార్డులో ఇది ఎక్కడ దెబ్బ కొడుతుందో లెక్క వేసి చూడండి. రెండు మిల్లీమీటర్ల ఎత్తున్న అంకె 300 డీపీఐలో 24 పిక్సెళ్ళు, 152లో 12. పన్నెండు పిక్సెళ్ళలో పాత సిరా 6కి, 8కి తేడా చెప్పడం కష్టం. ఎకరాలకీ సెంట్లకీ మధ్య ఉండే చుక్క ఇంకా చిన్నది. 0.3 మిల్లీమీటర్ల చుక్కకి 300 డీపీఐలో మూడున్నర పిక్సెళ్ళు దక్కితే 152లో రెండు కూడా దక్కవు. కాగితం మరకలో అది కలిసిపోతే 2.45 కాస్తా 245 అవుతుంది. విస్తీర్ణం గడిలో ఆ చుక్కే ఆస్తి. అందుకే చిన్న రిజిస్టర్లని చాప మధ్యలో కాకుండా వీలైనంత వరకు స్కానరు పాదం వైపు జరిపి పెట్టండి. పెద్ద ఏ3 రిజిస్టర్లలో ఆ వెసులుబాటు ఉండదు. అలాంటప్పుడు దూరపు వరసల్లోని అంకెల్ని తెర మీద పెద్దవి చేసి అసలుతో సరిచూడాల్సిందే.

రెండో హద్దు మందం. కంపెనీ చెప్పేది 30 మి.మీ. వరకు. ఈ అంకెకి అర్థం ఆచరణలో ఇలా ఉంటుంది. 50 మి.మీ. మందం రిజిస్టరుని సరిగ్గా మధ్యకి తెరిస్తే చెరో పక్కా 25, ఇబ్బంది లేదు. మొదటి పేజీలు తెరిచినప్పుడు మాత్రం ఎడమ పక్క అట్ట ఒక్కటే, కుడి పక్క 50. కుడి పక్క హద్దు దాటి మసకబారుతుంది, పేజీ అంచు సాఫ్ట్‌వేరుకి దొరకదు. పల్చటి పక్క కింద అట్టముక్కలు పేర్చి రెండు పక్కలూ సమం చేసి, ఇరవై ముప్పై పేజీలకోసారి ఒక ముక్క ఇటు నుంచి అటు మార్చడం పాత పద్ధతి. అయితే అది ఎత్తుతేడా తగ్గిస్తుంది కానీ మొత్తం ఎత్తు తగ్గించదు. కరణాల కాలం నాటి గ్రామ లెక్కల పుస్తకాలు చాలావరకు ఈ హద్దులో ఇముడుతాయి. ఎస్టేటు (జమీందారీ) గ్రామాల సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగళ్ళు, అంటే సెటిల్‌మెంటప్పుడు రాసిన భూముల రిజిస్టర్లు, అనేక ఊళ్ళవి కలిపి బైండు చేసి ఉంటే ఇమడవు. వాటిని ఈ యంత్రం కింద పెట్టి తిప్పలు పడొద్దు, తొట్టె స్కానరుకి వదిలేయండి.

సీలింగు ఫ్యాను గురించి కంపెనీవాళ్ళు రాయరు కాబట్టి ఇక్కడ రాయాలి. ఈ స్కానరు ఫొటోలా ఒక్క క్షణంలో తీయదు, మూడు సెకన్లు గీతలు గీతలుగా తీస్తుంది. ఆ మూడు సెకన్లలో పేజీ మూల గాలికి లేచిందంటే అక్షరాలు అలలు తిరుగుతాయి. కాబట్టి ఫ్యాను కట్టాలి, మే నెలలో కూడా. స్కానరు బల్లని ఫ్యానుకి దూరంగా గోడ వారన వేసి, పేజీ తిప్పే మనిషి వెనక చిన్న టేబుల్ ఫ్యాను అటు తిప్పి పెట్టుకుంటే పని నడుస్తుంది. కిటికీ ఎండ, నెత్తిమీది ట్యూబులైటు నేరుగా పేజీ మీద పడకూడదు. ల్యామినేషన్ చేసిన కాగితాలైతే ఇక చెప్పక్కర్లేదు, వాటి మీద దీపం వెలుగు చారలా పడి ఆ మేరకి అక్షరాలు మాయమవుతాయి. కాపాడదామనే మంచి ఉద్దేశంతోనే ఒకప్పుడు చాలాచోట్ల పటాలకి, పాత పేజీలకి ప్లాస్టిక్ అతికించారు. వాటి కోసం ఈ యంత్రం కొనకండి.

సముద్రపు తేమ మన ప్రాంతంలో మూడో శత్రువు. పేజీలు అలల్లా వంగి ఉంటాయి, ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి. వంపు సరిచేసే సాఫ్ట్‌వేరు ఈ యంత్రానికి గొప్ప గుణం, రెండు పేజీలని విడగొట్టి తిన్నగా పరిచినట్టు చూపిస్తుంది. కానీ అది పేజీ పై అంచు, కింది అంచు గీతల్ని పట్టుకుని లెక్క వేస్తుంది. చెదలు తిన్న అంచు, నల్లబడి చాప రంగులో కలిసిపోయిన అంచు దొరికితే గీత తప్పుతుంది. అప్పుడు తెర మీద అంచు చుక్కల్ని మౌసుతో లాగి సరిచేయాలి. బాగా పాడైన రిజిస్టరులో ప్రతి పేజీకీ ఇలా లాగుతూ కూర్చోవడం కన్నా సవరణ ఆపేసి వంపుతోనే తీయడం నయం. వంకరగా ఉన్నా ఉన్నది ఉన్నట్టు ఉంటుంది.

ఆ చివరి మాట ఇంకో రెండు సదుపాయాలకీ వర్తిస్తుంది. పేజీ పట్టుకున్న వేళ్ళని బొమ్మలోంచి చెరిపేసే సదుపాయం ఇందులో ఉంది. ఇంటి పుస్తకానికి ముచ్చటగా ఉంటుంది, ప్రభుత్వ రికార్డుకి మాత్రం వాడొద్దు. వేలు ఉన్నచోట కాగితం రంగు పూసి నింపిన బొమ్మ మార్చిన బొమ్మే. వేలు కనిపిస్తే తప్పేమీ లేదు, అక్షరం మీద పడకపోతే చాలు. అలాగే రంగు ఎంపిక ‘ఆటో’లో ఉంచొద్దు. యంత్రం ఆ పేజీ నలుపు తెలుపని అనుకుంటే ఎర్ర సిరా సవరణ, ఆకుపచ్చ సిరా సంతకం అన్నీ ఒకే నలుపైపోతాయి. రంగు, తక్కువ కుదింపు, ‘బెస్ట్’ నాణ్యత అని స్థిరంగా పెట్టుకోండి. ‘ఎక్సలెంట్’ వల్ల డిస్కు నిండడమే తప్ప ఒరిగేది లేదు.

ఎఫ్‌ఎంబీల సంగతి విడిగా చెప్పాలి. క్షేత్ర కొలతల పుస్తకంలో గొలుసులు, లింకుల్లో రాసిన అంకెలుంటాయి. గొలుసు 66 అడుగులు, అందులో వందో వంతు లింకు. అంకె ఒక్కటి తప్పు చదివితే సరిహద్దు కదులుతుంది. వంపు సవరణ బొమ్మని సాగదీస్తుంది కాబట్టి ఆ స్కాను మీద స్కేలు పెట్టి కొలిచిన కొలత చెల్లదు. సవరణ ఆపినా మూలమూలకీ డీపీఐ మారుతూ ఉంటుంది. ఎఫ్‌ఎంబీకి ఏ3 ఫ్లాట్‌బెడ్, గ్రామ పటానికి పెద్ద రోలు స్కానరు. ఇందులో రాజీ లేదు. విడి కాగితాల ఫైళ్ళకీ ఇది తగదు. ట్యాగు విప్పి, గుండుసూదులు తీసి ఏడీఎఫ్ (కాగితాల్ని తనే లాక్కునే) స్కానరులో వేస్తే నిమిషానికి యాభై అరవై కాగితాలు పోతాయి. ఇక్కడ ఒక్కో కాగితం పెట్టి తీయడం ఎడ్లబండి ప్రయాణం.

సాఫ్ట్‌వేరు మీద అసలు ఫిర్యాదు వేరే ఉంది. స్కాన్‌స్నాప్ సాఫ్ట్‌వేరు పీడీఎఫ్, జేపెగ్ ఇస్తుంది కానీ టిఫ్ (మామూలుగా కుదింపులో సూక్ష్మత పోకుండా దాచే ఫైలు రూపం) ఇవ్వదు. ట్వైన్ డ్రైవరూ లేదు, అంటే వేరే స్కానింగు సాఫ్ట్‌వేరుతో దీన్ని నడపలేరు. ఒప్పందంలో మాస్టరు ప్రతి టిఫ్‌లో ఉండాలని రాసి ఉంటే, జేపెగ్‌ని టిఫ్‌గా మార్చి ఇవ్వడం పేరుకే టిఫ్. పోయిన సూక్ష్మత తిరిగి రాదు. అందులో ఉన్న ఓసీఆర్‌కి, అంటే బొమ్మలోని అక్షరాల్ని చదివి టైపు పాఠంగా మార్చే సదుపాయానికి, తెలుగు రాదు. అచ్చు పేజీలకైతే ఉచితంగా దొరికే టెసెరాక్ట్ అనే ఓసీఆర్ సాఫ్ట్‌వేరులో తెలుగు ఉంది, ఇచ్ఛాపురం, పాతపట్నం వైపు పాత ఎస్టేటు కాగితాల్లో తగిలే ఒడియా కూడా ఉంది. చేతిరాతకి, అందులోనూ కరణాల గొలుసుకట్టుకి, ఏదీ పనికిరాదు. ఊరు, సర్వే నంబరు, సంవత్సరం మనిషి చదివి టైపు చేయాల్సిందే. తెలుగు వస్తుందని బయటి వెబ్‌సైట్లలోకి రికార్డు ఎక్కించడం మాత్రం చేయకండి, అందులో పౌరుల పేర్లు, ఆస్తులు ఉంటాయి.

పని నడిపే తీరు ఇలా ఉంటే తప్పులు తగ్గుతాయి. రిజిస్టరుని మెత్తటి పొడి బ్రష్షుతో మధ్య నుంచి అంచుకి దులపండి, తడిగుడ్డ వద్దు. కలరా ఉండలు, ఎండిన పురుగులు మడతల్లో ఉంటే తీసేయండి. చిరుగుకి సెల్లోటేపు అంటించొద్దు, కొన్నేళ్ళకి జిగురు పసుపెక్కి అక్షరాన్ని తినేస్తుంది. అంటుకున్న పేజీలని గోటితో పీకకుండా నీడలో గాలికి ఆరనిచ్చి, రాకపోతే అలాగే వదిలి, ఆ సంగతి రాసి పెట్టండి. తరవాత ప్రతి ఆకు మూలన పెన్సిలుతో వరస నంబరు వేయండి, ఖాళీ ఆకులకి కూడా. పైవాళ్ళు ‘బేగి కానీండి’ అన్నారని చాలామంది దాటేసేది ఈ మెట్టునే. ఏడీఎఫ్ స్కానర్లలో రెండు కాగితాలు కలిసి వెళ్తే పట్టుకునే అల్ట్రాసోనిక్ సెన్సరు ఉంటుంది. ఎస్‌వీ600లో అలాంటిదేమీ లేదు, పేజీ తిప్పడం గమనించి తనంతట తానే స్కాను మొదలుపెట్టే ఏర్పాటు మాత్రం ఉంది. తేమకి అంటుకున్న రెండు ఆకులు కలిసి తిరిగినా అది సంతోషంగా స్కాను చేసేస్తుంది. పెన్సిలు నంబరు ఒక్కటే కాపలా. యాభై తెరుపులకోసారి (తెరుపు అంటే ఒకసారి తెరిస్తే కనిపించే రెండు పేజీలు) ఆపి, తెర మీది లెక్కా ఆకు నంబరూ కలిశాయో లేదో చూడండి.

ప్రతి రిజిస్టరు మొదట్లో ఊరి పేరు, రిజిస్టరు రకం, మొత్తం ఆకులు రాసిన కాగితం, పక్కన ఒక స్కేలు పెట్టి తీయాలి. ఇద్దరు మనుషులు కావాలి, ఒకరు పేజీ తిప్పడానికి, ఒకరు తెర చూడటానికి. స్కాను మూడు సెకన్లే అయినా పేజీ తిప్పి సర్దడానికి పది పడుతుంది. ఆ లెక్కన గంటకి 270కి పైగా తెరుపులు రావాలి. మళ్ళీ తీసేవి, సరిచూసేవి కలిపితే 200 వస్తే బాగా నడిచినట్టే. రోజుకి వేలకి వేలు తీస్తామనే అంచనా ఎవరైనా ఇస్తే తనిఖీ వదిలేస్తున్నారని అర్థం.

ఫైలు పేరు దగ్గర మన రెండు జిల్లాలకి ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. పార్వతీపురం రికార్డునే తీసుకోండి. 1950 ఆగస్టు 15 ముందు విశాఖపట్నం జిల్లా, ఆ తరవాత శ్రీకాకుళం, 1979 జూన్ 1 నుంచి విజయనగరం, 2022 ఏప్రిల్ 4 నుంచి పార్వతీపురం మన్యం. రాజాం అదే రోజున శ్రీకాకుళం నుంచి విజయనగరానికి మారింది. జిల్లా పేరుతో ఫోల్డర్లు కడితే ఒకే ఊరి పుస్తకాలు నాలుగు చోట్ల చెదిరిపోతాయి. ఫైలు పేరులో ఎల్‌జీడీ (కేంద్ర ప్రభుత్వ స్థానిక సంస్థల డైరెక్టరీ) గ్రామ కోడు పెట్టి, జిల్లా, తాలూకా పేర్లని పుస్తకం మీద ఉన్నవి ఉన్నట్టే పట్టికలో విడిగా నమోదు చేయండి. సంవత్సరం దగ్గరా జాగ్రత్త. ఫసలీ అంటే జులైలో మొదలయ్యే రెవెన్యూ సంవత్సరం. 1389 ఫసలీ అంటే 1979 జులై నుంచి 1980 జూన్ వరకు. ఫసలీకి 590 కలిపితే మొదలయ్యే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. పేరులో ‘ఫ’ అని గుర్తు లేకుండా 1389 అని వదిలేస్తే కొత్తగా వచ్చిన ఆపరేటరు దాన్ని 1989గా ‘సరిదిద్దే’ ప్రమాదం ఉంది.

స్కాను అయ్యాక అదే రోజు ప్రతి ఫైలుకీ ఎస్‌హెచ్‌ఏ-256 హాష్ (ఫైలులో ఏ కాస్త మారినా మారిపోయే, వేలిముద్రలాంటి సంఖ్య) తీసి పట్టిక చేయండి. విండోస్‌లో సర్ట్‌యుటిల్ ఆదేశం చాలు, ఏదీ కొనక్కర్లేదు. ఇది ఆడంబరం కాదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షను కింద ఎలక్ట్రానిక్ రికార్డుతో ఇచ్చే ధ్రువపత్రం నమూనాలో హాష్ విలువకి గడి ఉంది. ఆ రోజు తీయని హాష్ అయిదేళ్ళ తరవాత తీసినా, మధ్యలో ఫైలు మారలేదని అది చెప్పలేదు.

ప్రతులు మూడు ఉంచండి, అందులో ఒకటైనా వేరే ఊళ్ళో. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ ఈ ప్రాంతాన్ని ఎలా కుదిపాయో చెప్పనక్కర్లేదు. అదే భవనంలో, అదే బీరువాలో రెండు డిస్కులు పెడితే అది రెండు ప్రతుల కింద లెక్క కాదు. కరెంటు కోసం లాప్‌టాప్ బ్యాటరీని నమ్ముకోకండి, స్కానరుకి వేరే అడాప్టరు ఉంటుంది కనుక చిన్న యూపీఎస్ తప్పనిసరి. సాఫ్ట్‌వేరుని మండలానికి బయలుదేరకముందే నెట్ ఉన్నచోట ఎక్కించి ఒక రిజిస్టరు తీసి చూసుకోండి.

ఇక కొనే కాగితం. జెమ్‌లో (ప్రభుత్వ కొనుగోళ్ళ పోర్టల్) బిడ్డు పెట్టేటప్పుడు ‘600 డీపీఐ’ అని మాత్రమే రాస్తే ఏ యంత్రమైనా అర్హత పొందుతుంది. ‘ఏ3 విస్తీర్ణమంతటా ఆప్టికల్‌గా కనీసం 300 డీపీఐ, టిఫ్, ట్వైన్’ అని రాస్తే ఎస్‌వీ600 తప్పుకుంటుంది, మాస్టరు ప్రతికి తగినవి మిగులుతాయి. వాడుక ప్రతికే కావాలనుకుంటే ఆ మాట ఫైలులో స్పష్టంగా రాసి ఎస్‌వీ600 కొనుక్కోవచ్చు. జనన మరణ రిజిస్టర్లు, మున్సిపల్ కౌన్సిల్ మినిట్సు పుస్తకాలు, పాత అడంగళ్ళు వంటి పల్చటి కుట్టు పుస్తకాలకి దాన్ని మించిన తేలికైన యంత్రం వెతకడం కష్టమే. శాశ్వతంగా ఉంచాల్సిన ఆర్.డిస్ ఫైళ్ళు స్కాను అయ్యాయని అసలుని అలక్ష్యం చేసే ఆలోచన మాత్రం ఏ యంత్రంతోనూ వద్దు.

అమ్మే మనిషి డెమోకి వస్తే అతను తెచ్చిన రంగుల పత్రిక పక్కన పెట్టించండి. మీ దగ్గరున్న వాటిలో అట్ట ఊడిన, నీలం సిరా వెలిసిన, సెంట్ల గడి పేజీ అడుగున ఉన్న రిజిస్టరు ఒకటి తీయండి. స్కానరుకి అతి దూరంగా ఉన్న వరసని తెర మీద నాలుగు రెట్లు పెద్దది చేయించి, అసలు చూడకుండా అందులోని పది అంకెలు ఇంకొకరితో చదివించండి. పదిలో ఒక్కటి తప్పినా ఆ రకం రిజిస్టరుకి ఆ యంత్రం వద్దు.